క్లయింటు వాషింగ్టన్‌లో, యూజరు శివారు చేలో

ప్రపంచబ్యాంకు మన రాష్ట్రానికి అప్పిచ్చిందని పేపర్లో వస్తే చాలు, మన సాఫ్ట్‌వేర్ జనంలో రెండు జట్లు తయారవుతాయి. 2024 డిసెంబరులో అమరావతికి ప్రపంచబ్యాంకు 80 కోట్ల డాలర్లు, ఏషియన్ డెవలప్‌మెంట్ బ్యాంకు ఇంచుమించు అంతే మంజూరు చేసినప్పుడూ ఇదే తంతు. ఒక జట్టు వాళ్ళు "చూశారా, అంత పెద్ద బ్యాంకు ఊరికే ఇస్తుందా, గవర్నెన్స్ బావుంది కాబట్టే ఇచ్చింది" అన్నారు. రెండో జట్టు వాళ్ళు "అయిపోయింది, రాష్ట్రాన్ని తాకట్టు పెట్టేశారు" అన్నారు. 2019 జూలైలో ఇదే బ్యాంకు ఇదే అమరావతి నుంచి తప్పుకున్నప్పుడు సంబరపడినవాళ్ళూ ఏడ్చినవాళ్ళూ అటూ ఇటూ మారారు గానీ, వాదన మాత్రం అక్షరం మారలేదు.

రెండు జట్లూ చేసే పని ఒకటే. అప్పిచ్చేవాడి మొహం చూసి మన పాలన ఎలా ఉందో చెప్పడం. ఒకరికి ఆ మొహంలో నవ్వు కనిపిస్తుంది, ఇంకొకరికి కోరలు కనిపిస్తాయి, అంతే తేడా. నేనైతే పాలన ఎలా ఉందో చూడటానికి వాషింగ్టన్ దాకా వెళ్ళక్కర్లేదంటాను. గోదావరి డెల్టాలో ఏదో ఒక పిల్లకాలవ పట్టుకుని చివరిదాకా నడవండి. శివారు చేలోకి నీళ్ళు వచ్చాయా, రాకపోతే అడిగే హక్కు ఆ చేను దున్నేవాడికి ఉందా? ఈ రెండు ప్రశ్నలకీ జవాబు దొరికితే గవర్నెన్స్ సంగతి తెలిసిపోతుంది.

ముందుగా ఒక మాట. మనం "సాయం" అంటున్నదాంట్లో చాలా భాగం అప్పు. వడ్డీ తక్కువ, గడువు ఎక్కువ, అంతే. తీర్చేది మన పిల్లలే. కాబట్టి షరతుల గురించి మాట్లాడే హక్కు ఇచ్చేవాడికి ఎంతుందో మనకీ అంతే ఉంది.

ఇక ఈ "మంచి పాలన" అనే షరతు ఎక్కణ్ణుంచి వచ్చిందో చూద్దాం. 1980ల్లో ఆఫ్రికా దేశాలకి ఇచ్చిన అప్పులు ఎందుకు పనిచెయ్యలేదని వెతుక్కుంటూ, 1989లో ప్రపంచబ్యాంకు ఒక నివేదికలో అసలు జబ్బు పాలనలో ఉందని తేల్చింది. మా మందు మంచిదే, రోగి ఒళ్ళే మంచిది కాదు అన్నట్టన్నమాట. 1990ల చివర్లో అదే బ్యాంకులో పనిచేసే బర్న్‌సైడ్, డాలర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు (అవును, ఇంటిపేరే డాలర్!) లెక్కలు కట్టి, విధానాలు బావున్న దేశాల్లోనే సాయం వల్ల ఎదుగుదల ఉంటుందన్నారు. దాతలందరికీ ఇది తెగ నచ్చింది. 2004లో అమెరికా ఏకంగా ఒక కొత్త సంస్థ పెట్టి, మార్కులు వచ్చిన దేశాలకే డబ్బులిస్తామంది. అదే ఏడాది ఈస్టర్లీ, లెవిన్, రూడ్‌మన్ అనే ముగ్గురు అవే లెక్కల్ని ఇంకొన్ని దేశాలు, ఇంకొన్ని సంవత్సరాల డేటా కలిపి మళ్ళీ నడిపితే ఆ ఫలితం నిలబడలేదు. మన భాషలో చెప్పాలంటే టెస్ట్ డేటా మారిస్తే ప్రోగ్రాం పడిపోయింది. కానీ అప్పటికే అది ప్రొడక్షన్‌లోకి వెళ్ళిపోయింది, వెనక్కి తీసేవాడు లేడు.

దానమిచ్చిన ఆవుకి పళ్ళు లెక్కపెట్టకూడదని సామెత. ఇక్కడ తిరగేశారు. దానం పుచ్చుకునేవాడి పళ్ళు లెక్కపెట్టడం మొదలెట్టారు. పోనీ సరిగ్గా లెక్కపెట్టారా అంటే, దానికి మన రాష్ట్రమే సాక్ష్యం.

రాష్ట్రాల స్థాయిలో ఈ ప్రయోగం పెద్ద ఎత్తున జరిగింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే. 1998లో ఆర్థిక పునర్నిర్మాణ ప్రాజెక్టు పేరుతో ప్రపంచబ్యాంకు 54 కోట్ల డాలర్లు ఇచ్చింది. అదే ఏడాది విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది. 1999లో విజన్ 2020 వచ్చింది. 2000 ఆగస్టు 28న కరెంటు చార్జీల పెంపు మీద ఆందోళన చేస్తున్నవాళ్ళ మీద బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగి మనుషులు చచ్చిపోయారు. 2001లో బ్రిటన్ ప్రభుత్వ సాయ సంస్థ డిఎఫ్‌ఐడి తోడ్పాటుతో హైదరాబాదులో ఏకంగా "సెంటర్ ఫర్ గుడ్ గవర్నెన్స్" అనే సంస్థే పెట్టారు. మంచి పాలనకి ఒక బిల్డింగు, బోర్డు, డైరెక్టరు అన్నీ వచ్చాయి.

2004లో ప్రభుత్వం ఓడిపోయింది. కొత్త ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి ప్రమాణస్వీకారం రోజే వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ఫైలు మీద సంతకం పెట్టారు. చార్జీలు పెంచాలి, సబ్సిడీ తగ్గించాలి అనే షరతుకి ఇది నూటికి నూరుపాళ్ళు వ్యతిరేకం. మరి బ్యాంకు కోపగించుకుని వెళ్ళిపోయిందా? లేదండీ. 2007లో అదే ప్రభుత్వానికి సంస్కరణల అప్పు మూడో విడత కూడా ఇచ్చింది. బషీర్‌బాగ్‌లో ప్రాణాల మీదకి తెచ్చిన షరతు ఏడేళ్ళు తిరక్కుండానే సర్దుకుపోయే సంగతి అయిపోయింది! ఉచిత విద్యుత్తు మంచిదా చెడ్డదా అనే గొడవలోకి నేను పోవట్లేదు. నేననేది, షరతు అని మనం భయపడేదీ, కొందరు భజన చేసేదీ అప్పిచ్చేవాడికే అంత గట్టి విషయం కాదని.

ఆ తరవాత ర్యాంకుల కాలం వచ్చింది. వ్యాపార సౌలభ్యంలో 2016లో ఆంధ్రా, తెలంగాణా కలిసి దేశంలో మొదటి స్థానం. 2018లో ప్రకటించిన జాబితాలో ఆంధ్రా ఒక్కటే మొదటి స్థానం. 2020లో ప్రభుత్వం మారాక కూడా మళ్ళీ మొదటి స్థానమే. ఫ్లెక్సీలు కట్టాం, వాట్సాపుల్లో పంచుకున్నాం. 2021 సెప్టెంబరులో ప్రపంచబ్యాంకు ఈ ర్యాంకులన్నిటికీ తల్లివేరు లాంటి "డూయింగ్ బిజినెస్" నివేదికనే ఎత్తేసింది. కారణం, కొన్ని దేశాల అంకెల్ని లోపలివాళ్ళే అటూ ఇటూ చేశారని తేలడం. మార్కులు వేసే మాస్టారే కాపీ కొట్టిస్తూ దొరికిపోయాడు.

ఇందులో మనకి, అంటే రోజూ ప్రాజెక్టులు చేసేవాళ్ళకి, ఆశ్చర్యం ఉండకూడదు. క్లయింటు వేరు, యూజరు వేరు. డబ్బులిచ్చేది, సైనాఫ్ ఇచ్చేది క్లయింటు. వాడుకుని తిట్టుకునేది యూజరు. రిక్వైర్‌మెంట్లన్నీ క్లయింటు దగ్గరే రాసుకుని, డెమో క్లయింటుకే చూపించి, డాష్‌బోర్డంతా ఆకుపచ్చగా ఉందని కేకు కోసిన ప్రాజెక్టులు మనం ఎన్ని చూడలేదు? గో-లైవ్ అయిన నెలకి యూజర్లు మళ్ళీ ఎక్సెల్ షీట్లోకి వెళ్ళిపోతారు. సాయం పేరుతో వచ్చిన మంచి పాలనలో క్లయింటు వాషింగ్టన్‌లో ఉన్నాడు, వెండరు హైదరాబాదులోనో అమరావతిలోనో ఉన్నాడు. యూజరు శివారు చేలో ఉన్నాడు. అతన్ని ఎవరూ మీటింగుకి పిలవలేదు.

ఒక్కసారి మాత్రం పిలిచారు. ఆ ఒక్కసారి సంగతి చెప్పకపోతే నా వాదన అన్యాయం అవుతుంది.

1997లో రాష్ట్రం ఒక చట్టం చేసింది. రైతులే సాగునీటి వ్యవస్థల్ని నిర్వహించుకునే చట్టం. ఆ జూన్‌లో రాష్ట్రమంతా పదివేలకి పైగా నీటి వినియోగదారుల సంఘాలకి ఎన్నికలు జరిపారు. దీని వెనక ప్రపంచబ్యాంకు డబ్బూ ఉంది, సలహా కూడా ఉంది. నీటి తీరువా మూడు రెట్లకి పైగా పెంచారు, కానీ అందులో కొంత సంఘానికే తిరిగొచ్చేలా, కాలవ బాగుచేసుకోడానికే ఖర్చుపెట్టేలా పెట్టారు. నా లెక్కలో ఆ పాతికేళ్ళలో వచ్చిన షరతులన్నిట్లోకీ బుర్ర ఉన్న షరతు ఇదే. ఎందుకంటే దీంట్లో ఇంజనీరు జవాబు చెప్పాల్సింది పైకి కాదు, కిందకి. గుర్రపుడెక్క తియ్యకుండా తీసినట్టు బిల్లు పెడితే, పక్క చేను రైతుకి తెలుస్తుంది. వాషింగ్టన్ నుంచి వచ్చిన మిషన్‌కి తెలీదు.

మరి ఏమయింది? అప్పు విడతలు అయిపోయాయి. మొదటి సంఘాల గడువు 2002లో తీరిపోతే మళ్ళీ ఎన్నికలు 2003లో గానీ జరగలేదు. ఆ తరవాత ఏ ప్రభుత్వం వచ్చినా ఈ సంఘాల్ని తమ మనుషులకి పదవులిచ్చే చోటుగా చూసింది, లేదా అసలు లేకుండా చేసింది. ఏళ్ళకేళ్ళు సంఘాలు లేకుండానే కాలవలు నడిచాయి. 2024 డిసెంబరులో మళ్ళీ ఎన్నికలు పెట్టారు, సంతోషం. కానీ ఇన్నేళ్ళ ఖాళీకి ఒక్క దాతైనా అడిగాడా? అడగడు. అతని ప్రాజెక్టు ఎప్పుడో "సంతృప్తికరం" అని మూసేశారు. డెల్టాలో కాటన్ దొర విగ్రహం లేని ఊరు అరుదు. 1852లో ఆనకట్ట కట్టి పూర్తి చేసినందుకు ఆయనకి దండం పెడతాం, పెట్టాల్సిందే. కానీ తూములు ఎత్తి దించే లస్కరుకి విగ్రహం ఎక్కడా లేదు. కట్టడానికి దాతలున్నారు, అప్పులున్నాయి, శంకుస్థాపనలున్నాయి. నిలబెట్టుకోడానికే ఎవరూ లేరు. కడుతున్నప్పుడు అందరూ చూస్తూనే ఉంటారు కాబట్టి, పాలన బయటపడేది నిలబెట్టుకోవడంలోనే.

అయితే ఆ చట్టానికి పుట్టుకతోనే ఇంకో లోపం ఉంది. అసలు గొడవంతా అక్కడే.

సంఘంలో ఓటు ఎవరికి? భూమి సొంతదారుకి, లేదా రికార్డుల్లో పేరున్న కౌలుదారుకి. కాగితం మీద ఎంత చక్కగా ఉందో చూడండి. కానీ డెల్టాలో కౌలుదారు పేరు రికార్డులో ఎక్కడుంటుంది? 1956 నాటి కౌలుదారీ చట్టం కౌలురైతుకి కనీసం గడువు, రక్షణ ఇవ్వబోయింది. దాంతో భూమి పోతుందేమోనని భయపడి సొంతదార్లు కాగితమే మానేశారు. అంతా నోటిమాట మీదే. ఎకరాకి సార్వాకి ఇన్ని బస్తాలు, దాళ్వాకి ఇన్ని బస్తాలు మక్తా అని అరుగు మీద కూర్చుని తేల్చేస్తారు. ఆయ్ అంటే ఆయ్. కోనసీమలో గానీ, భీమవరం, తణుకు చుట్టుపక్కల గానీ ఏ ఊళ్ళోనైనా చేలో దిగి చూడండి, దున్నేవాళ్ళలో కౌలు వాళ్ళే ఎక్కువ కనిపిస్తారు. సొంతదార్లు కొందరు ఊళ్ళోనే ఉన్నారు. మిగిలినవాళ్ళు రాజమండ్రి, హైదరాబాదు, డల్లాస్, న్యూజెర్సీ.

అంటే నీళ్ళు రాకపోతే పంట పోయేది ఒకడికి, నీటి సంఘంలో ఓటు ఇంకొకడికి. ఆ ఓటున్నవాడికి పంట పోయినా మక్తా బస్తాలు రావాల్సిందే. మంచి పాలన, రైతుల భాగస్వామ్యం అని వందల పేజీలు రాసిన నిపుణులు యూజర్ టేబుల్‌ని ఓనర్ టేబుల్ నుంచి కాపీ చేసి ఊరుకున్నారు. డేటా మోడలే తప్పయితే పైన ఎన్ని స్క్రీన్లు కట్టినా ఏం లాభం?

ఇది ఒక్క నీటి సంఘం సంగతి కాదు. 2011 సార్వాలో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించి ఇంచుమించు లక్ష ఎకరాలు ఊడ్చకుండా వదిలేస్తే దేశమంతా తిరిగి చూసింది. మద్దతు ధర గిట్టదు, కూలి ఖర్చు పెరిగింది, మురుగు కాలవలు పూడిపోయి చేలు ముణుగుతున్నాయి, కాలవ ఆలస్యంగా వదిలితే కోత తుఫాన్లలో పడుతోంది. ఇవీ వాళ్ళ బాధలు. ప్రభుత్వం మోహన్‌కందా కమిటీ వేసింది. 2022లో మళ్ళీ అదే కోనసీమలో అదే మాట వినపడింది. 2025 అక్టోబరులో మొంథా తుఫాను గోదావరి జిల్లాల తీరం దాటింది. ప్రతి తుఫానుకీ పంటనష్టం రాసుకోడానికి అధికారులు వస్తారు. ప్రతిసారీ అదే ప్రశ్న: పరిహారం పాస్‌బుక్కులో ఉన్న పేరుకా, బురదలో ఉన్న మనిషికా?

దీనికి పోలికగా ఇంకోటి చూడండి. 1996 నవంబరు 6 తుఫాను మన డెల్టాని తుడిచిపెట్టేసింది. వెయ్యి మందికి పైగా పోయారు, కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. ఆ మర్నాడు ఏడాది ప్రపంచబ్యాంకు తుఫాను పునరావాసానికి అప్పిచ్చింది. 2010లో తుఫాను ముప్పు తగ్గించే జాతీయ ప్రాజెక్టుకీ ఇచ్చింది. తీరం వెంబడి షెల్టర్లు, రోడ్లు వచ్చాయి. అవి పనికొచ్చాయి, కాదనే దమ్ము నాకు లేదు. రెండో జట్టువాళ్ళు ఇది కూడా ఒప్పుకోవాలి. ఎందుకు పనికొచ్చాయి? తుఫాను షెల్టరు తలుపు దగ్గర ఎవరూ పాస్‌బుక్కు అడగరు. తడుస్తూ వచ్చినవాడల్లా యూజరే. రిజిస్టరు అక్కర్లేని చోట సాయం సూటిగా మనిషికి చేరింది. రిజిస్టరు అడ్డొచ్చిన చోటల్లా మధ్యలో ఆగిపోయింది.

అమరావతిలోనూ ఇదే జరిగింది. 2015లో భూసమీకరణకి పొలం ఇచ్చిన పట్టాదారుకి ప్లాట్లు వచ్చాయి, కౌలు డబ్బు వచ్చింది. ఆ పొలాల్లో పనిచేసి బతికిన భూమిలేని కుటుంబానికి నెలకి 2500 రూపాయల పింఛను. ఇద్దరూ ఒకే నేలని నమ్ముకున్నవాళ్ళే. తేడా కాగితంలోనే ఉంది.

"అయితే ఏమంటావు, షరతులే వద్దంటావా? ఇష్టమొచ్చినట్టు తినెయ్యమంటావా?" అని మొదటి జట్టు అడుగుతుంది. లేదండీ. షరతులుండాలి. కానీ కింద నుంచి పైకి ఉండాలి. నన్నడిగితే మూడు చాలు. ఒకటి, పని జరిగిన చోట, ఆ కాలవ గట్టు మీదే, ఎంత వచ్చింది ఎంత ఖర్చయింది తెలుగులో బోర్డు పెట్టాలి. రెండు, లబ్ధిదారుల జాబితా సొంతదార్ల నుంచి కాదు, సాగుదార్ల నుంచి తయారు కావాలి. మన రాష్ట్రంలో ఈ-క్రాప్ నమోదు ఉంది, ఎవరు ఏ పంట వేశారో గ్రామంలోనే రాసుకుంటున్నారు, కొత్తగా కనిపెట్టక్కర్లేదు. మూడు, మార్కులు చివరి విడత ఇచ్చిన రోజు కాదు, ఐదేళ్ళ తరవాత వెయ్యాలి. డబ్బు ఆగిపోయాక కూడా ఆ సంఘం బతికుందా, ఎన్నిక జరిగిందా, శివారుకి నీళ్ళొచ్చాయా? అది పాస్ అయితేనే ప్రాజెక్టు పాస్.

రెండో జట్టుకి కూడా ఒక మాట. "బ్యాంకుని తరిమేస్తే చాలు" అనేవాళ్ళకి 2025 ఒక పాఠం. అమెరికా తన సాయ సంస్థ యూఎస్‌ఎయిడ్‌నే ఆ ఏడాది మూసేసింది. బ్రిటన్ 2020లోనే డిఎఫ్‌ఐడిని విదేశాంగ శాఖలో కలిపేసింది. దాతలు వాళ్ళంతట వాళ్ళే వెళ్ళిపోతున్నారు. వాళ్ళు వెళ్ళిపోయినంత మాత్రాన కౌలురైతు పేరు రికార్డులోకి ఎక్కదు. ఆ పేరు రాయనిది వాషింగ్టన్ కాదు. మరెవరు?

మనం. కోపం తెచ్చుకోకండి, చెప్పేది వినండి.

ఇది చదివేవాళ్ళలో ఎంతమందికి డెల్టాలో ఎకరమో రెండెకరాలో ఉంది? మనది సంపాదన మీద బతుకు, పొలం కౌలుకి ఇచ్చేశాం. సంక్రాంతికి వెళితే మక్తా లెక్క చూసుకుంటాం. ఊరికి మనమూ దాతలమే. ఆర్వో ప్లాంటు పెట్టిస్తాం, బడికి బెంచీలు ఇస్తాం, ఫోటో దిగుతాం. ఏడాది తిరిగేసరికి ఆర్వో ప్లాంటు ఫిల్టరు మార్చేవాడు ఉండడు. అప్పుడు మనమూ అచ్చం ప్రపంచబ్యాంకు లాగే "ఊళ్ళో గవర్నెన్స్ లేదండీ" అంటాం!

2019లో మన రాష్ట్రంలో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. పదకొండు నెలల గడువుతో కౌలురైతుకి ఒక కార్డు ఇస్తారు. దాని మీద పంట రుణం అడగొచ్చు, నష్టపరిహారం అడగొచ్చు, ధాన్యం తన పేరు మీద అమ్ముకోవచ్చు. భూమి మీద హక్కు మాత్రం రాదని చట్టంలోనే రాసుంది. అన్నీ ఉన్నాయి, ఒక్కటి తక్కువ. సొంతదారు సంతకం. ఆ సంతకం పెట్టకుండా "అమ్మో, రేపు పొలం నాదంటాడేమో" అని తప్పించుకుంటున్నది ఎవరు? పొలం మీద పంట రుణం తామే తీసుకుని, దున్నేవాణ్ణి నూటికి రెండు రూపాయల వడ్డీకి వదిలేస్తున్నది ఎవరు?

మా ఇంట్లో ఈ చర్చ వచ్చినప్పుడు చుట్టాలంతా భయపెట్టారు. మా పొలం చేసే బాబాయికి (వరసకే లేండి, ముప్ఫై ఏళ్ళుగా ఆయనే చేస్తున్నాడు) నేను సంతకం పెట్టాను. కొంపేం మునగలేదు. ఆ కార్డు పట్టుకుని వెళితే ఒక బ్యాంకులో మేనేజరు "సొంతదారు రావాలి" అని రెండుసార్లు తిప్పాడు, అది వేరే యుద్ధం. కానీ ధాన్యం డబ్బు ఆయన ఖాతాలోనే పడింది. ఆ రోజు ఆయన నాకు ఫోన్ చేసి చెప్పిన మాట, "ఈసారి కాయితంలో నా పేరుందిరా అబ్బాయ్".

గుడ్ గవర్నెన్స్ అనే మాటకి ఇంతకన్నా మంచి తెలుగు అర్థం నాకు దొరకలేదు. చేను దున్నేవాడి పేరు కాగితంలో ఉండటం. పేరుంటే ఓటుంటుంది, ఓటుంటే కాలవ ఎందుకు రాలేదని అడుగుతాడు, అడిగితే లస్కరు పోస్టు ఎందుకు ఖాళీగా ఉందో ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. ఇది బ్యాంకు ఇవ్వలేదు, ముఖ్యమంత్రి ఒక్కడూ ఇవ్వలేడు. చట్టం ఉంది, కార్డు ఉంది, గ్రామ సచివాలయం ఉంది. మిగిలింది మీ సంతకం.

సార్వా ముందు ఊరికి ఫోన్ చేసి, మీ పొలం చేసే ఆయనకి కార్డు ఉందో లేదో కనుక్కోండి. లేకపోతే పెట్టించండి. ఆ తరవాత తీరిగ్గా కూర్చుని ప్రపంచబ్యాంకుని తిడదాం, నేనూ వస్తాను.